విడిపోయే సంఖ్యలు, విడిపోని సంఖ్యలు

జంగారెడ్డిగూడెం మెట్టలో ఆయిల్‌పామ్ వేసిన రైతులకు రెండు సంఖ్యలు కంఠతా వచ్చు. ఎకరాకు 57 మొక్కలు, హెక్టారుకు 143. మొక్కకూ మొక్కకూ తొమ్మిది మీటర్ల ఎడం ఉంచి త్రిభుజాకారంలో నాటితే ఒక్కో చెట్టు వాటాకు సుమారు 70 చదరపు మీటర్ల నేల వస్తుంది. పదివేల చదరపు మీటర్ల హెక్టారును దానితో భాగిస్తే 143 దగ్గర తేలుతుంది. ఏలూరు పక్కన పెదవేగిలో ఉన్న ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ చెప్పే దూరమూ ఇదే. ఇవి నేల కొలత నుంచి పుట్టిన సంఖ్యలు. అయినా ప్రధాన సంఖ్యలకూ సంయుక్త సంఖ్యలకూ తేడా ఎక్కడుందో తరచి చూడాలనుకున్నవారికి వీటికన్నా మంచి ఉదాహరణలు దొరకవు. రెండూ చూడ్డానికి ప్రధాన సంఖ్యల్లాగే ఉంటాయి, రెండూ కావు. 57 అంటే 3×19. 143 అంటే 11×13. 1966లో ఫీల్డ్స్ పతకం అందుకున్న అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్‌ను ఒక చర్చలో ఏదైనా ప్రధాన సంఖ్యను ఉదాహరణగా తీసుకోమంటే 57 తీసుకున్నారని గణితవేత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటివాడికే అలా కనిపించిన సంఖ్య మన తోటల్లో ఎకరం ఎకరానికీ ఉంది.

ఆరో తరగతి పుస్తకంలో ఈ పాఠం చాలా చిన్నది. 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించబడనిది ప్రధాన సంఖ్య. అంతకన్నా ఎక్కువ కారణాంకాలు ఉంటే సంయుక్త సంఖ్య. 1 రెంటిలోనూ చేరదు. సరి సంఖ్యల్లో 2 ఒక్కటే ప్రధాన సంఖ్య, అతి చిన్న సంయుక్త సంఖ్య 4, వందలోపు ప్రధాన సంఖ్యలు 25. టెట్‌కైనా డీఎస్సీకైనా రైల్వే పరీక్షలకైనా బిట్లు ఇక్కడినుంచే వస్తాయి. పిల్లలు ఆ పాతికా అప్పజెప్పేస్తారు. పోలిక అక్కడితో ముగిసిపోయినట్టు అనిపిస్తుంది. నా ఉద్దేశంలో పోలిక అసలు మొదలయ్యేదే అక్కడ. ఎన్ని కారణాంకాలు ఉన్నాయన్నది పైపై గుర్తు మాత్రమే. ఒక సంఖ్య విడిపోతుందని తెలియడం ఒక సంగతి, దాన్ని విడదీయగలగడం మరో సంగతి. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే ఈ ప్రశ్నకు గుండెకాయ. పైగా ప్రధాన సంఖ్యలను పట్టాభిషేకం చేసి కూర్చోబెట్టి, సంయుక్త సంఖ్యలను మిగిలినవాటిగా తోసేసే అలవాటు మన బోధనలో బలంగా పాతుకుపోయింది. అదీ సరిచేసుకోవాల్సిందే.

ముందుగా చేతితో చూడగలిగే తేడా. పిడికెడు చింతపిక్కలు పోసి, వాటిని వరసలుగా పేర్చమని పిల్లలకు చెప్పండి. 12 పిక్కలైతే 3 వరసల్లో నాలుగేసి పేరుస్తారు, 2 వరసల్లో ఆరేసి పేరుస్తారు. 13 ఇస్తే ఒకటే బారు తప్ప మరో దారి లేదు. రెండు వరసలు చేస్తే ఒకటి మిగులుతుంది, మూడు చేసినా ఒకటే, నాలుగు చేసినా ఒకటే, అయిదైతే మూడు. దీర్ఘచతురస్రంగా కుదిరేది సంయుక్తం, బారుగా మాత్రమే నిలిచేది ప్రధానం. నిర్వచనం ఈ ఆటలోనే ఉంది. 57 పిక్కలు ఇస్తే పిల్లలు మొదట రెండు వరసలు చూసి ఒకటి మిగిలిందంటారు. మూడు వరసలు పేర్చినప్పుడు పంతొమ్మిదేసి సరిగ్గా సరిపోవడం చూసి వాళ్ల కళ్లు పెద్దవవుతాయి.

ఎంతవరకు ప్రయత్నించాలన్నది తర్వాతి ప్రశ్న. సంఖ్య వర్గమూలం దాటి వెతకక్కర్లేదు. రెండు కారణాంకాలూ వర్గమూలం కన్నా పెద్దవైతే వాటి లబ్ధం ఆ సంఖ్యను దాటిపోతుంది కదా. 11×11 అంటే 121, కాబట్టి వందలోపు ఏ సంఖ్యనైనా 2, 3, 5, 7లతో భాగించి చూస్తే చాలు. 143కి 11 వరకు వెళ్లాలి, అక్కడే దొరికిపోతుంది. ఈ ఒక్క కిటుకు తెలిసిన పిల్లవాడికి 25 సంఖ్యలు బట్టీ పెట్టాల్సిన పనిలేదు. 97 ప్రధాన సంఖ్య అవునో కాదో నాలుగు భాగహారాల్లో తనే తేల్చుకుంటాడు.

ఇక 1 సంగతి. దాన్ని రెండు గుంపుల నుంచీ ఎందుకు బయట పెట్టారో చెప్పే టీచర్లు తక్కువ. 1909లో కారణాంకాల పట్టిక, 1914లో ప్రధాన సంఖ్యల పట్టిక అచ్చువేసిన అమెరికా గణితవేత్త డి.ఎన్. లెహ్మర్ తన ప్రధాన సంఖ్యల జాబితాలో 1ని కూడా చేర్చుకున్నాడు. అంటే ఇది రాతిమీద రాసిన నియమం కాదు, అవసరం కొద్దీ చేసుకున్న ఏర్పాటు. ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక విధంగా రాయవచ్చన్నది అంకగణితానికి పునాది. 1ని ప్రధానం చేస్తే 57ను 3×19 అనీ 1×3×19 అనీ 1×1×3×19 అనీ ఎన్ని విధాలుగానైనా రాయొచ్చు, ఆ ఏకైకత పోతుంది. అందుకే బయట ఉంచారు. ఈ మాట పిల్లలకు చెబితే అర్థమవుతుంది. చెప్పకుండా 1 రెండూ కాదు అని రాయిస్తే అది మరో బట్టీ అవుతుంది.

సంయుక్త సంఖ్యల వైభవం చూడాలంటే పంచాంగం తెరవాలి. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు, రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, నెలకు 30 తిథులు, 12 రాశులు. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలంటే 108. ఆ 108 పాదాలే 12 రాశులకు తొమ్మిదేసి చొప్పున సర్దుకుంటాయి. రెండు వైపుల నుంచి పంచినా శేషం రాకుండా కుదరడానికి 108కి ఉన్న 12 కారణాంకాలే ఆధారం. మన దగ్గర గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడిలో మంగళవారం ప్రదక్షిణలు చేసే భక్తులు లెక్కపెట్టుకునేది ఈ 108నే. గురువు రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు, రెంటి క.సా.గు. 60. సంవత్సర చక్రానికి ఇది ఒక వివరణ. ఇన్ని సంయుక్తాల మధ్య వారం ఒక్కటే 7తో నిలబడింది. 7కు 12తోనూ 30తోనూ 60తోనూ పొత్తు లేదు. అందుకే తిథీ వారమూ ప్రతి నెలా జారిపోతుంటాయి. ఫలానా తిథి ఏ వారం వచ్చిందో పంచాంగంలో వెతుక్కోవాల్సి రావడానికి కారణాల్లో ఇదొకటి.

కొలతలూ ఇదే కథ చెబుతాయి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక. గింజల కొలతలు రెండేసి చొప్పున పెరుగుతూ పోయేవి, సగం చేయడం తేలిక. పాత రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మొత్తం 192. అందులో 3 ఉంది కాబట్టి రూపాయిని ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే ఒక్కొక్కరికి సరిగ్గా 64 పైలు వచ్చేవి. 1957 ఏప్రిల్ 1న వంద నయాపైసలు వచ్చాక ముగ్గురికి పంచితే ఒక పైసా మిగలడం మొదలైంది. వందలో 2, 5 తప్ప మరో ప్రధాన సంఖ్య లేదు మరి. దశాంశ పద్ధతి రాయడానికి సుఖం, పంచడానికి అంత సుఖం కాదు. తాడేపల్లిగూడెం, తణుకు వైపు కోళ్లఫారాల నుంచి లారీలకెక్కే గుడ్లను చూడండి. ట్రేకు 30, అట్టపెట్టెకు ఏడు ట్రేలు, మొత్తం 210. 210 అంటే 2×3×5×7, మొదటి నాలుగు ప్రధాన సంఖ్యల లబ్ధం. నాలుగు వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉన్న సంఖ్యల్లో అతి చిన్నది అదే. ఆ పెట్టెను ఇద్దరికీ ముగ్గురికీ అయిదుగురికీ ఆరుగురికీ ఏడుగురికీ పదిమందికీ ఒక్క గుడ్డు మిగలకుండా పంచవచ్చు. ట్రే అచ్చు చేసినవారు ఇదంతా ఆలోచించి ఉండరు. కానీ వ్యాపారం ఎప్పుడూ విడిపోయే సంఖ్యల వైపే మొగ్గుతుంది.

విడిపోవడంలో ఏ సంఖ్య అన్నిటికన్నా ముందుంటుంది అన్న ప్రశ్నను గట్టిగా పట్టుకున్నవాడు శ్రీనివాస రామానుజన్. ఆయన తమిళుడే అయినా ఆయన దారి మన నేల మీదుగానూ సాగింది. 1905లో చదువు చెడి ఇల్లు విడిచి కొన్నాళ్లు విశాఖపట్నంలో గడిపాడు. ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో నెలకు 25 రూపాయలు ఇచ్చి నిలబెట్టినవారు అప్పటి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు. ఆ సాయంతో నిలదొక్కుకుని కేంబ్రిడ్జ్ చేరిన రామానుజన్ 1915లో 60కి పైగా పేజీల పరిశోధన పత్రం వెలువరించాడు. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలు ఉన్న సంఖ్యల గురించి ఆ పత్రం. 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360, 720 అలాంటివి. 5040కి 60 భాజకాలు, 720720కి 240. ఈ సంఖ్యలను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 2 అన్నిటికన్నా ఎక్కువసార్లు, ఆ తర్వాత 3, ఆ తర్వాత 5 అలా తగ్గుతూనో సమానంగానో వస్తాయనీ, 4, 36 తప్పిస్తే మిగతా అన్నిటిలోనూ చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుందనీ ఆయన నిరూపించాడు. 1916లో కేంబ్రిడ్జ్ ఆయనకు బి.ఎ. పట్టా ఇచ్చింది ఈ పనికే. అంటే రామానుజన్‌కు మొదటి పట్టా తెచ్చిపెట్టినవి సంయుక్త సంఖ్యలు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉంటే బాగుండేది. టాక్సీ నంబరు 1729 కథకు ఇచ్చిన చోటులో సగం ఇచ్చినా చాలు.

1917లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీతో కలిసి రామానుజన్ మరో మెట్టు ఎక్కాడు. మామూలు సంఖ్యకు ఎన్ని వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉంటాయి? చాలా తక్కువ. పది అంకెల సంఖ్యకు సాధారణంగా మూడు చుట్టుపక్కల. 210, 720720 లాంటివి అరుదు, ప్రధాన సంఖ్యలూ అరుదు. ఎక్కువ సంఖ్యలు ఈ రెండు కొసల మధ్య మసులుతాయి. ప్రధానం, సంయుక్తం అని రెండే గదులు ఉన్నట్టు చెప్పడం ఎంత పలచనో ఈ ఫలితం చూస్తే తెలుస్తుంది. సంయుక్తాల్లో అంతరాలు ఉన్నాయి. ఎటు కోసినా విడిపోయే 720 ఒక కొస. తలుపు మూసుకుని ప్రధాన సంఖ్యలా కూర్చునే 143 మరో కొస.

సంఖ్యాబలం విషయం త్వరగా చెప్పుకోవచ్చు. వందలోపు ప్రధాన సంఖ్యలు 25, సంయుక్తాలు 74. వెయ్యిలోపు 168, 831. పది లక్షల లోపు ప్రధాన సంఖ్యలు 78,498 మాత్రమే, పదమూడింటికి ఒకటి చొప్పున. ముందుకు వెళ్లేకొద్దీ ఇంకా పలచబడతాయని 1896లో హడమార్, ద లా వలే పుస్సాన్ విడివిడిగా నిరూపించారు. అయినా అవి ఎప్పటికీ అయిపోవని రెండువేల ఏళ్ల క్రితమే యూక్లిడ్ చూపాడు. 113 దాటాక మళ్లీ ప్రధాన సంఖ్య 127. మధ్యలో పదమూడూ సంయుక్తాలే. ఇలాంటి ఖాళీలు ఎంత పెద్దవైనా దొరుకుతాయి. మరోవైపు 11-13, 17-19 లాంటి కవలలు ఎప్పటికీ వస్తూనే ఉంటాయా అన్నది తేలలేదు. 2013లో యీటాంగ్ ఝాంగ్ ఏడు కోట్ల లోపు తేడాతో ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని నిరూపించాక ఆ తేడా 246కి దిగింది. ప్రధాన సంఖ్యల పంపిణీకి సంబంధించిన రీమాన్ పరికల్పన సాధించినట్టు హైదరాబాద్ నుంచి 2021లో వార్తలు వచ్చాయి. దానికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన క్లే గణిత సంస్థ మాత్రం ఆ ప్రశ్నను తేలనిదిగానే ఉంచింది.

పొత్తు లేకపోవడం వల్ల ప్రధాన సంఖ్యకు వచ్చే బలానికి ప్రకృతిలో ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలో కొన్ని ఇలకోళ్ల జాతులు నేలలో 13 ఏళ్లు, మరికొన్ని 17 ఏళ్లు ఉండి ఒక్కసారిగా బయటికి వస్తాయి. 2024లో ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక 13 ఏళ్ల గుంపూ ఒక 17 ఏళ్ల గుంపూ ఒకే ఏడాది వచ్చాయి. ఆ రెండు గుంపులూ అంతకుముందు కలిసి వచ్చింది 1803లో. తేడా 221 ఏళ్లు, అంటే 13×17. 12, 18 ఏళ్ల చక్రాలైతే 36 ఏళ్లకోసారి కలిసేవి. ప్రధాన సంఖ్యల చక్రం వల్ల ఈ పురుగులు శత్రువుల చక్రాలకు చిక్కకుండా తప్పించుకున్నాయన్నది శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఒకటి. 221 కూడా 143కి అన్నలాంటిదే, చూస్తే ప్రధానమనిపిస్తుంది.

మన పాత గణితంలో ప్రధాన సంఖ్యలకు ప్రత్యేక సిద్ధాంతం పెద్దగా కనబడదు. మనవాళ్ల దృష్టి విడదీసి వాడుకోవడం మీద ఉండేది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో భిన్నాల హారాలను కలపడానికి క.సా.గు. పద్ధతి చెప్పాడు. ఆ గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కాలపువాడని చెబుతారు. ఇక్కడికి గోదావరి ఒడ్డు ఎంత దూరం? తెలుగులో గణితం చెప్పుకోవడం మనకు వెయ్యేళ్ల అలవాటు. మహావీరుడు దండల్లాంటి లబ్ధాలు కూర్చి ఇచ్చాడు. 139ని 109తో గుణిస్తే 15151, 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 142857143ను 7తో గుణిస్తే 1000000001. ఇలాంటివి కూర్చాలంటే ముందు పెద్ద సంఖ్యను విడగొట్టి చూసి ఉండాలి. వెయ్యినొక్కటిని విడగొడితే 7×11×13 వస్తుంది, అంటే మన 143కి ఏడు రెట్లు. ఏడు హెక్టార్ల తోటలో 1001 చెట్లు ఉంటాయన్నమాట.

విడగొట్టే పద్ధతిని సూటిగా చెప్పినవాడు 1356లో గణితకౌముది రాసిన నారాయణ పండితుడు. సంఖ్యకు ఏదో ఒక వర్గం కలిపి మరో వర్గం తెప్పించాలి. 143కి 1 కలిపితే 144, అది 12 వర్గం. కాబట్టి 143 అంటే 12లోంచి 1 తీసేస్తే వచ్చే 11, 12కి 1 కలిపితే వచ్చే 13, ఈ రెంటి లబ్ధం. ఒక్క అడుగులో పని అయిపోయింది. 221కి 4 కలిపితే 225, 15 వర్గం. కాబట్టి 13×17. ఇప్పుడు 57 తీసుకోండి. 64 కావాలంటే 7 కలపాలి, 7 వర్గం కాదు. 81కి 24, కాదు. 100కి 43, కాదు. 121కి 64, అది 8 వర్గం. కాబట్టి 11లోంచి 8 తీసేస్తే 3, కలిపితే 19. 143కన్నా చిన్న సంఖ్యే అయినా 57 ఎక్కువసేపు సతాయించింది. రెండు కారణాంకాలు దగ్గరగా ఉంటే ఈ పద్ధతి చప్పున పట్టేస్తుంది, దూరంగా ఉంటే ఆలస్యమవుతుంది. దాదాపు మూడు శతాబ్దాల తర్వాత ఫ్రాన్స్‌లో ఫెర్మా ఇదే పద్ధతి కనుక్కున్నాడు, ప్రపంచం ఆయన పేరుతోనే పిలుస్తుంది. నేటి రహస్య లిపికి ప్రధాన సంఖ్యల జంటలు ఎంచుకునేవారు అవి ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండకుండా చూసుకోవడానికి కారణం ఈ పద్ధతే.

ఇప్పుడు అసలు సంగతి. 2⁶⁷−1 అన్నది 21 అంకెల సంఖ్య. అది సంయుక్తమని 1876లో ఫ్రెంచి గణితవేత్త లూకాస్ నిరూపించాడు. దాని కారణాంకం ఒక్కటి కూడా ఆయనకు తెలియదు. 1903లో అమెరికాలో జరిగిన ఒక సభలో ఫ్రాంక్ కోల్ బోర్డు దగ్గరికి వెళ్లి 193707721×761838257287 గుణకారం చేసి చూపే దాకా, 27 ఏళ్లపాటు, ఆ సంఖ్య విడిపోతుందని ప్రపంచానికి తెలుసు, ఎలా విడిపోతుందో తెలియదు. ఇది ఎలా సాధ్యమని పిల్లలు అడిగితే ఫెర్మా 1640లో చెప్పిన నియమంతో జవాబు చెప్పొచ్చు. ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకుని 2ను అన్నిసార్లు గుణించి అందులోంచి 2 తీసేస్తే మిగిలింది ఆ ప్రధాన సంఖ్యతో నిశ్శేషంగా పోతుంది. 57తో చేస్తే పోదు. అంటే 3, 19 అన్న మాట ఎత్తకుండానే 57 ప్రధానం కాదని తేలిపోయింది. సంఖ్య లోపలికి వెళ్లకుండా బయటి నుంచే పట్టే పరీక్ష ఇది.

ఈ పరీక్షను మోసగించే సంయుక్తాలూ ఉన్నాయి. 341, అంటే 11×31, పై పరీక్షలో నెగ్గుతుంది. 561, 1105, 1729 మరీ గడుసువి. 2 బదులు ఏ సంఖ్య పెట్టినా నెగ్గుతాయి. అవును, రామానుజన్‌ను చూడడానికి హార్డీ ఎక్కివచ్చిన టాక్సీ నంబరు 1729, అంటే 7×13×19. ఇలాంటివి అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపించారు. మోసానికి లొంగని, అదృష్టం మీద ఆధారపడని, పెద్ద సంఖ్యలకు కూడా సహేతుకమైన కాలంలో ముగిసే పరీక్ష ఉందా అన్న ప్రశ్నకు 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి జవాబు వచ్చింది. ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ముగ్గురూ కలిసి సాధించారు. ఇరవై ఏళ్లు దాటిన ఇద్దరు కుర్రాళ్లు అందులో ఉండడం మన ఇంజనీరింగ్ పిల్లలు తెలుసుకోవాల్సిన విషయం.

అయితే వాళ్ల పరీక్ష కూడా ప్రధానమా సంయుక్తమా అన్నది మాత్రమే చెబుతుంది. విడగొట్టి ఇవ్వదు. విడగొట్టడానికి అలాంటి వేగమైన పద్ధతి మామూలు కంప్యూటర్లకు ఇంతవరకు దొరకలేదు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ ఈ లోటు మీదే ఒక తాళం తయారుచేశారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం క్షణంలో పని, లబ్ధాన్ని చూసి ఆ రెంటినీ పట్టుకోవడం అసాధ్యానికి దగ్గర. 250 అంకెల అలాంటి సంఖ్య ఒకదాన్ని 2020 ఫిబ్రవరిలో విడగొట్టారు. ఒక్క ప్రాసెసర్ కోర్ మీద చేస్తే అది సుమారు 2700 ఏళ్ల పని. ఇప్పుడు వెబ్‌సైట్ల తాళాలకూ డిజిటల్ సంతకాలకూ ఎక్కువగా వాడే సంఖ్యకు 617 అంకెలు. ఎక్కువ భాజకాలతో రామానుజన్‌ను ఆకర్షించిన సంయుక్తాలకు ఇది పూర్తిగా అవతలి కొస. దీనికి 1, తాను కాకుండా రెండే భాజకాలు, ఆ రెంటినీ ఎవరికీ కనబడనివ్వదు. సంయుక్త సంఖ్యే, కానీ బయటివాళ్లకు ప్రధాన సంఖ్యతో సమానం.

ఈ తాళానికి గడువు ఉందన్న మాట 1994 నుంచి వినబడుతోంది. క్వాంటమ్ కంప్యూటర్ మీద విడగొట్టడం తేలికవుతుందని ఆ ఏడాది పీటర్ షోర్ చూపాడు. 2001లో ఐబీఎం వాళ్లు ఆ పద్ధతిలో విడగొట్టింది 15ను. అక్కడి నుంచి 617 అంకెలకు చాలా దూరం ఉంది. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ కట్టనున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. తాడేపల్లిగూడెం నిట్‌లోనో నూజివీడు ట్రిపుల్ ఐటీలోనో చదివేవారికి ఇది ఉద్యోగ వార్తగా మాత్రమే చేరితే లాభం లేదు. ఆరో తరగతిలో వదిలేసిన పాఠం మళ్లీ చదవాల్సిన అవసరం అందులో ఉంది.

ప్రధాన, సంయుక్త సంఖ్యల సరిహద్దు మీద తెలుగువారు చేసిన పని చిన్నది కాదు, మనం చెప్పుకోవడమే చిన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన డి. సూర్యనారాయణ 1969లో కొత్త రకం పరిపూర్ణ సంఖ్యలను నిర్వచించారు. 16కి ఉన్న భాజకాలన్నీ కూడితే 31. 31కి ఉన్న భాజకాలు కూడితే 32, అంటే 16కి రెట్టింపు. ఇలా రెండుసార్లు కూడితే రెట్టింపయ్యే సరి సంఖ్యలన్నీ 2 ఘాతాలేననీ, ఒక్కోదానికీ ఒక్కో మెర్సెన్ ప్రధాన సంఖ్య, అంటే 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య, జతగా ఉంటుందనీ ఆయన చూపారు. 2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1 ఇప్పటిదాకా తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అతి పెద్దది, 4 కోట్ల 10 లక్షల అంకెలు దాటినది. అది దొరికిన రోజే సూర్యనారాయణ జాబితాలోకి ఒక కొత్త సంయుక్త సంఖ్య కూడా చేరింది.

గుంటూరులో పుట్టి కెనడాలో పెరిగిన ఎం. రామ్ మూర్తి 1984లో రాజీవ్ గుప్తాతో కలిసి ఆర్టిన్ ఊహ మీద పెద్ద అడుగు వేశారు. దాన్ని బడిపిల్లల భాషలోనే చెప్పవచ్చు. 1ని 7తో భాగిస్తే 142857 అని ఆరు అంకెలు తిరిగి తిరిగి వస్తాయి, 17తో భాగిస్తే పదహారు. సంఖ్య కన్నా ఒకటి తక్కువ అంకెలు వచ్చాకే మళ్లీ మొదలైతే ఆ సంఖ్య తప్పకుండా ప్రధానమే. సంయుక్తానికి అంత పొడుగు చక్రం రాదు, 57తో భాగిస్తే 18 అంకెలకే తిరగబడుతుంది. 7, 17, 19, 23 లాంటి పూర్తి చక్రం ఉన్న ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా? 1927 నాటి ఆ ప్రశ్న 10 ఆధారంగా ఇంకా తేలలేదు.

అన్నిటికన్నా మన విషయానికి దగ్గరగా వచ్చినవారు మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1963లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లి చివరి దాకా అక్కడే ఉన్నారు. 1974లో ఆయన ఒక ప్రశ్న వేశారు. ప్రధాన సంఖ్యలన్నిటికీ ఉండే ఒక లక్షణాన్ని పట్టుకుంటే, ఏయే సంయుక్తాలు దానికి లొంగుతాయి? ఒక సంఖ్య కన్నా చిన్నవై దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్నో లెక్కపెట్టండి. దాన్ని ఆ సంఖ్య భాజకాల లెక్కతో గుణించి 2 కలపండి. 7కి 6×2+2, అంటే 14, 7తో నిశ్శేషంగా పోతుంది. ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇంతే. 57కి 36×4+2, అంటే 146, 57తో పోదు. అన్ని సంయుక్తాల్లోనూ ఈ లక్షణం ఉన్నది 4 ఒక్కటేనని సుబ్బారావు నిరూపించారు. అదే పత్రంలో మరో లక్షణానికి లొంగే సంయుక్తాలు 4, 6, 22 మూడేనని తేల్చారు. పెద్ద సంఖ్యలకు ఇది పరీక్షగా పనికిరాదు, ఎందుకంటే లెక్క వేయాలంటే ముందు కారణాంకాలు తెలియాలి. అయినా రెండు జాతుల మధ్య గీత ఇంత కచ్చితంగా, ఒకే ఒక్క మినహాయింపుతో గీయగలగడం అపురూపం.

అన్ని గీతలూ ఇలా తెగవు. పై లెక్కలోని మొదటి సగం, అంటే ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యల లెక్క, ప్రధాన సంఖ్య విషయంలో దానికన్నా ఒకటి తక్కువ. ఆ లెక్క ఒకటి తగ్గించిన సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంయుక్తం ఒక్కటైనా ఉందా అని 1932లో డి.హెచ్. లెహ్మర్ అడిగాడు. 1914 పట్టిక అచ్చువేసిన లెహ్మర్ కుమారుడే ఆయన. సుబ్బారావు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన వి. శివరామప్రసాద్‌తో కలిసి ఈ ప్రశ్నకు దగ్గరి రూపాలను 1985లో పరిశీలించారు. అలాంటి సంయుక్తం ఉంటే దానికి కనీసం 14 వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉండాలనీ, అది 1 పక్కన 20 సున్నాల కన్నా పెద్దదై ఉండాలనీ 1980లో కోహెన్, హాగిస్ చూపారు. అలాంటిది ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. లేదని నిరూపించినవారూ లేరు.